పన్నెండేళ్ల పెద్దమనిషి

ఆడపిల్ల రజస్వల అయితే ‘పెద్దమనిషి అయింది’ అంటాం. నిన్నటిదాకా తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లను చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి చేతిలో పెట్టి, పన్నెండేళ్లకే పెద్దమనిషిని చేసేస్తాం. బాల్యానికీ యౌవనానికీ నడుమ మరో దశ ఉందన్న ఊహ ఆ మాటలో లేదు. ఆరోగ్యశాఖ కరపత్రాల్లో కనిపించే ‘కౌమారం’ సైతం ఆ నడిమి దశ అన్న కొత్త అర్థంతో తిరుగుతున్న పాత మాటే. ‘కౌమారం యౌవనం జరా’ అన్న గీతా శ్లోకంలో కౌమారమంటే చిన్నతనం. కౌమారంలో తండ్రి, యౌవనంలో భర్త రక్షిస్తారన్నాడు మనువు. తండ్రి చేయి వదిలితే భర్త చేయి. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందే లేదు.

కన్యాశుల్కం తొలి ముద్రణకు 1897లో రాసిన ముందుమాటలో గురజాడ ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజు తీయించిన లెక్క అది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో తేలిన శుల్క వివాహాలు 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవారు 99 మంది, మూడేళ్లవారు 36 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు!

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ 1904లో కౌమారంపై రెండు సంపుటాల గ్రంథం వెలువరించే నాటికి అక్కడ హైస్కూళ్లు నిండుతున్నాయి. అక్కడ ఈ దశకు బడి చోటిస్తే, మన ఆడపిల్లలకు అది చట్టం ద్వారా దక్కింది, అదీ గీసిగీసి బేరమాడినట్టు. 1860 శిక్షాస్మృతి కాపురానికి పెట్టిన కనీస వయసు పదేళ్లు. కలకత్తాలో ఫూల్మణి దాసి అనే బాలిక భర్త బలాత్కారానికి ప్రాణం కోల్పోయాక, 1891లో అది పన్నెండయింది. ఆ రెండేళ్లు పెంచినందుకే తిలక్ అంతటివారు అడ్డం తిరిగారు. పెళ్లి వయసును 1929లో శారదా చట్టం 14 అంది. 1949లో 15, 1978లో 18. పది నుంచి పద్దెనిమిదికి చేరడానికి 118 ఏళ్లు.

ఇంతా చేసి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5. జాతీయ సగటు 23.3. గురజాడ నేల సగటు కన్నా అధ్వానంగా ఉండటం మనకు సిగ్గుచేటు.

బాల్యవివాహాన్ని ఆపడానికి పెళ్లిపందిట్లోకి పోలీసులు వెళ్లడం అవసరమే. కానీ పదో తరగతితో ఆగిపోయే ఊళ్లో తల్లిదండ్రులు ముందు చూసేది జూనియర్ కళాశాల ఎంత దూరం, సాయంత్రం బస్సు ఉందా లేదా అని. ఆడపిల్లల ప్రభుత్వ వసతి బడులైన కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్ దాకా పెంచుతున్న తీరు మెచ్చదగినది. అది ప్రతి మండలానికీ చేరాలి. పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ చేరికలకూ నడుమ వేసవి ఉంది. పెళ్లి ముహూర్తాలు జోరుగా ఉండే కాలమూ అదే. ఏ పిల్ల ఎక్కడా చేరలేదో ప్రధానోపాధ్యాయుల దగ్గర పేర్లు తీసుకుని, అధికారులు ఆ వారాల్లోనే ఆ ఇళ్ల తలుపు తట్టాలి.