పార్క్ అండ్ రైడ్ పుట్టింది అలిపిరిలోనే

సొంత బండిని ఊరి అంచున పెట్టి, అక్కడి నుంచి బస్సులో పోయే ఏర్పాటును పార్క్ అండ్ రైడ్ అంటారు. 1973లో ఆక్స్‌ఫర్డ్‌లో శాశ్వతంగా మొదలుపెట్టామని ఇంగ్లండు వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పాపం, వాళ్లకు అలిపిరి సంగతి తెలీదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా ఎంతటి జమీందారైనా తిరుమల కొండ కింద బండి విప్పి, నడకనో డోలీలోనో పైకి పోవాల్సిందే. కింద పార్కింగు, పైకి డోలీలో రైడు. పేటెంటు తీసుకోకపోవడం ఒక్కటే మన పొరపాటు.

ఆ వారసత్వాన్ని ఇప్పుడు మోస్తున్నది తిరుపతిలో కాపురం, చిత్తూరులో ఉద్యోగం ఉన్న మాలాంటి వాళ్లం. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది గానీ, నా కుర్చీ అక్కడా మంచం ఇక్కడా ఉండిపోయాయి. మధ్యలోని డెబ్బై కిలోమీటర్ల సంగతి ఆర్టీసీ చూసుకుంటుంది. నా బాధంతా ఇంటికీ బస్టాండుకూ మధ్య ఉన్న మూడు కిలోమీటర్లతోనే.

బస్టాండు చుట్టుపక్కల ఒక ప్రైవేటు స్టాండులో స్కూటరు పెడతాను. "హ్యాండిల్ లాక్ ఎయ్యద్దు సామీ" అంటాడు స్టాండాయన. పొద్దున మొదటి వరసలో పెట్టిన బండి సాయంత్రానికి ఎనిమిదో వరసలో, గోడవారగా, రెండు బుల్లెట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. సీటు మీద కాకి రాసిన మహజరు. చేతిలో సగం చిరిగిన అట్టముక్క, దాని మీద బాల్ పెన్నుతో రాసిన నంబరు. అది ఒకటో ఏడో తేల్చడానికి మేమిద్దరం వీధిదీపం కిందికి పోతాం. హెల్మెట్‌కు వేరే డబ్బులు. అదీ న్యాయమే, దానికీ తల పెట్టుకునే చోటు కావాలిగా.

స్టాండుకు కట్టడం ఇష్టం లేనివాళ్లకు ఫ్లైఓవర్ ఉంది. నిన్నమొన్నటిదాకా శ్రీనివాస సేతు అన్న ఈ గరుడ వారధి కట్టింది పైన బండ్లు పోవడానికని ఇంజనీర్లు అనుకుంటున్నారు. కింద నీడ కోసమని ఊరందరికీ తెలుసు.

అందుకే అధికారులకు నాదొక మనవి. ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు, తల పైకెత్తి కొండను చూస్తే చాలు. ఊరి నాలుగు వైపులా స్థలాలు చూసి సర్వ పార్కింగు పెట్టండి. ఉచితమే, కాకపోతే బండితో సహా కంపార్టుమెంటులో కూర్చోవాలి, మధ్యలో పాలూ ఉప్మా ఇస్తారు. తొందరున్నవాళ్లకు మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశం. సిఫారసు లేఖ తెచ్చుకుంటే బ్రేక్ పార్కింగు, బండి నేరుగా బస్సు మెట్టు పక్కనే. పెట్రోలు అయిపోయి తోసుకుంటూ వచ్చినవాళ్లకు దివ్య టోకెన్లు. నా స్కూటరుకు మాత్రం వయోవృద్ధుల కోటా ఇప్పించాలి, వయసు ధ్రువపత్రంగా ఆర్సీ జతపరుస్తాను. అలా చేస్తే ఈ ఊళ్లో ఒక్కడూ గొణగడు. వరసలో నిలబడటం మనకు చిన్నప్పటి నుంచి అలవాటే.

మొన్న చిత్తూరు నుంచి వచ్చే బస్సు దారిలో ఆగిపోయి, స్టాండుకు చేరేసరికి బాగా రాత్రయింది. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. సందులోంచి చూస్తే ఎనిమిదో వరసలో నా స్కూటరు కనిపిస్తూనే ఉంది. గేటు కొట్టాను. లోపల మంచం మీద పడుకున్న స్టాండాయన దుప్పటి కూడా తీయలేదు.

"ఏకాంత సేవ అయిపోయింది సామీ. పొద్దున్నే సుప్రభాతానికి రాండి."