పీట ఎక్కిన పైలట్

భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగాక ఆ చుట్టుపక్కల రెండే పెరిగాయి: సెంటు భూమి ధర, పైలట్ అవుతానంటున్న గుంటల లెక్క. ఈ గుంటడు ఇంటర్ ఎంపీసీ. లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి చదువుకి ఢోకా లేదు. కమర్షియల్ లైసెన్సుకి 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి. (పొలం బేరం పెట్టకముందే పైలట్లకి చేసే వైద్య పరీక్ష, క్లాస్ 2 మెడికల్, చేయించుకోవడం మేలు. కళ్లు రంగులు పోల్చుకోలేకపోతే పొలమైనా మిగులుతుంది.) అందాకా కంప్యూటర్ ఆటలో సెస్నా 172 అనే చిన్న విమానం.

జాయ్‌స్టిక్ కొన్నారు. విమానం ముక్కుని పక్కలకి తిప్పడానికి కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ కూడా అనేసరికి వాళ్ల నాన్న చూసిన చూపుకి గుంటడు వడ్రంగి అయిపోయాడు. మామ్మ పీట తిరగేసి, నడుమ బోల్టు దింపి, మూరెడు చెక్క అడ్డంగా బిగించి, రెండు కొసలకీ హవాయి చెప్పులు మేకులతో కొట్టాడు. చెక్క ఎటు తిరిగిందో చెప్పడానికి బోల్టు కొనకి వాల్యూమ్ కంట్రోలు. కొట్లో 'బి10కె' అని అడిగి తీసుకోవాలి. 'ఎ' రకం తిప్పినకొద్దీ సమంగా మారదు, చెక్క నడిమధ్యన ఉన్నా కంప్యూటరు ఒప్పుకోదు. అది సరిగ్గానే తెచ్చాడు. వైర్ల దగ్గరే సైకిలు బుద్ధి పనిచేసింది: హ్యాండిల్ కుడికొస ముందుకి తోస్తే బండి ఎడమకి పోతుంది కదా, ఇదీ అంతేననుకున్నాడు. విమానంలో కుడికాలు తొక్కితే ముక్కు కుడికే.

విశాఖ, రన్‌వే 28. ఫుల్ త్రాటిల్. ప్రొపెల్లర్ తోసిన గాలి సుడి తిరిగి తోకని ఎడమవైపు నుంచి కొడుతుంది, ముక్కు ఎడమకి లాగుతుంది. కుడికాలు తొక్కాలి. తొక్కాడు. ఇంకా ఎడమకి పోయింది. గట్టిగా తొక్కాడు. గడ్డిలో ఉంది.

"ఒగ్గీరా, నాను చూస్తాను" అని ఆటో తోలే మేనమామ కూర్చున్నాడు. జాయ్‌స్టిక్‌ని ఆటో హ్యాండిలనుకుని అటూ ఇటూ వంచేశాడు. రెక్కల చివరున్న ఎయిలెరాన్లు అనే పలకలు లేచి దిగాయి తప్ప నేల మీద ముక్కుచక్రం ఆయన మాట వినలేదు. దానికి కాళ్లే యజమాని.

చివరికి వాల్యూమ్ కంట్రోలు మూడు కాళ్లలో నడిమిది వదిలేసి, చివరి రెండింటి వైర్లూ అటుదిటు మార్చారు. 55 నాట్ల వేగానికి ముక్కెత్తాడు, లేచింది! చుట్టు తిరిగి వచ్చాడు. దిగడానికి రెక్కల వెనక ఫ్లాప్స్ దించాడు, వేగం 65 నాట్లు, రన్‌వే ఎదురుగా, ఇంకా 200 అడుగులు.

"ఏటిరా, నా పీటేదిరా? కూకోని చేపలు కోసుకోవాల!"

"మామ్మా, గాల్లో ఉన్నాను, ఒక్క నిమిషం!"

"నువ్వు గాల్లో ఉంటే ఉండు. నా పీట నేల మీదే ఉంది కదా" అని చెప్పులతో సహా లాక్కుపోయింది.

వైరు ఊడింది. రడ్డర్ ఒక పక్కకి పూర్తిగా తిరిగిపోయింది. వంటింట్లోంచి మళ్లీ కేక: "పీటకి ఈ బోల్టేటిరా! నయం, కత్తిపీట ముట్టుకోనేదు!"