అడ్వాన్సు ఉండనీలే, వచ్చే ఏడు ఆడుదువు

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. కళాకారుల్ని పిలిచి కార్యక్రమాలు పెట్టే మన సంఘం వాళ్ళకి అది ఒక తేదీ, అంతే. మా కడప జిల్లాలో పద్యనాటకం ఆడేవాళ్ళకి మాత్రం ఉగాదితోనే సీజన్ మొదలు. శ్రీరామనవమి, తిరునాళ్ళు, జాతరలు, ఏడాది తిండిలో సగం పైగా ఆ రెండు మూడు నెలల రాత్రుల్లోనే సంపాదించుకోవాలి. ఆ ఏడు ఒంటిమిట్ట రాములవారి కల్యాణమే జనం లేకుండా గుడి లోపల చేశారు, ఇక మా వేంపల్లె పక్క పల్లెల్లో స్టేజీ ఎవరు వేస్తారు?

మా మామ ముప్పై ఏళ్ళుగా కృష్ణుడి వేషం కడుతున్నాడు. ఆ వేసవికి ఒప్పుకున్న ఆటలన్నీ వారం రోజుల్లో పోయాయి.

నాకు ఒపెరా, అంటే కథంతా పాటల్లోనే నడిచే పడమటి దేశాల నాటకం, పరిచయమైంది కూడా అప్పుడే, అదీ ఫ్రీగా. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్ అంటారు) మార్చి 12న తలుపులు మూసేసి, 16 నుంచి రోజుకొక పాత ప్రదర్శన ఆన్‌లైన్లో పెట్టింది. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మైకు లేకుండా చివరి వరస దాకా గొంతు పంపుతుంటే, ఇది మన పద్యం లాంటిదే కదా అనిపించింది. ఏప్రిల్ 25న నలభై మందికి పైగా గాయకులు ఎవరిళ్ళలో వాళ్ళుండి పాడారు, ఒకామె పియానో కూడా తనే వాయించుకుంది. అది చూసి నాకు ఉత్సాహం ఆగలేదు, మన సంఘం వాళ్ళని ఒప్పించి జూలైలో మామ చేత జూమ్‌లో పద్యాలు పాడించే ఏర్పాటు చేశా.

హార్మోనిస్టు వేరే ఊరు. ఇద్దరూ ఎవరిళ్ళలో వాళ్ళుంటే గొంతు ఒక దారి, హార్మోనియం ఒక దారి, అర సెకను తేడా వచ్చినా పద్యం కూలిపోతుంది. పాపం పెట్టె బండి మీద కట్టుకుని మామ ఇంటికే వచ్చాడాయన. ఫోన్‌ని బియ్యం మూటకి ఆనించారు. తీరా మొదలుపెట్టాక, హార్మోనియం శ్రుతిని ఫ్యాను చప్పుడు అనుకుందేమో, జూమ్ దాన్ని నొక్కేసింది. మామ రాగం తీసి నిలబెట్టేసరికి గొంతుని కూడా మింగేసింది, పెదాలు ఆడుతున్నాయి, శబ్దం లేదు. (ఒరిజినల్ సౌండ్ అని ఒక బటన్ ఉంటుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.) పద్యం అయ్యాక అలవాటు కొద్దీ వన్స్‌మోర్ కోసం ఆగాడు. ఇక్కడ అందరం మ్యూట్‌లో ఉన్నాం. చాట్‌లో చప్పట్ల బొమ్మలు పడుతున్నాయి గానీ అవి ఆయనకి కనబడవు కదా. కాసేపు చూసి, "అబ్బీ, ఉండారా, పోయినారా?" అన్నాడు.

సంఘం తరఫున ఈ-సర్టిఫికెట్ పంపారు. డబ్బులు? లేవు. "ఈ కాయితం ఫోన్లోనే ఉంటాదా, ఇంటికేమన్నా వస్తాదా?" అని అడిగాడు మామ. నాకు నోట మాట రాలేదు.

ఆ జూన్‌లో బార్సిలోనా ఒపెరా హాల్లో 2,292 సీట్లలోనూ మొక్కలు పెట్టి వాటికి కచేరీ చేశారు, గుర్తుందా? మనమంతా ముచ్చటపడి షేర్ చేశాం. మామకి చెప్తే "మొక్కలే నయం, మ్యూట్ చేసుకోవు" అన్నాడు.

కళాకారులు కొత్త దారులు వెతుక్కున్నారు అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అట్లాంటా ఒపెరా వాళ్ళు బేస్‌బాల్ మైదానంలో డేరా వేసి ఆడారు, బాగుంది, మెచ్చుకోవాల్సిందే. మా జిల్లాలోనే సురభి అనే ఊళ్ళో 1885లో తోలుబొమ్మలాడే కుటుంబాలు తామే వేషాలు కట్టి కీచకవధ ఆడాయి, తర్వాత ఊరూరా తిరిగాయి, కాబట్టి దారి మార్చుకోవడం మనవాళ్ళకి ఒకరు నేర్పాల్సిందేం కాదు. కానీ మామకి దొరికిన కొత్త దారి పులివెందుల వైపు అరటి గెలలు మోసే కూలి. మెట్ దగ్గర 2006 నుంచి సినిమా హాళ్ళకి పంపిన వీడియోలు గుట్టలుగా ఉన్నాయి, వాటితో పేరన్నా నిలబెట్టుకుంది. మామ పద్యాలు ఎవరి యూట్యూబ్ ఛానెల్లోనో ఉన్నాయి, పైసా రాదు. అలాగని మెట్ గొప్ప అనను, దాని ఆర్కెస్ట్రాకి 2020 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది జీతాల్లేవు, రద్దయిన షోలకి గాయకులకి డబ్బులూ ఇవ్వలేదు. ఇలాంటి విపత్తు వస్తే చెల్లించనక్కర్లేదని కాంట్రాక్టులో ఉందట.

మామకి కాంట్రాక్టే లేదు. మా పక్క ఊరి తిరునాళ్ళ కమిటీ ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి ఉంది, లాక్‌డౌన్ పడగానే తిరిగి ఇద్దామని పోయాడు. కమిటీ పెద్దాయన వేరుశనక్కాయలు వలుస్తూ తలెత్తకుండానే, "ఉండనీలే, వచ్చే ఏడు ఆడుదువు" అన్నాడంట. వచ్చే ఏడు సెకండ్ వేవ్. ఆట పడింది 2022లో. రెండేళ్ళూ ఆ డబ్బు ఎవరూ అడగలేదు.

మరి మనం? మన సంఘం కళాకారులతో రాయించుకునే ఒప్పందం మొన్న తీసి చూశా. కార్యక్రమం రద్దయితే ఏ చెల్లింపూ ఉండదు అని ఇప్పటికీ ఉంది, సంతకం పెట్టే చోటికి సరిగ్గా పైన. వచ్చే జనరల్ బాడీలో అది కొట్టేసి, రద్దయినా సగం ఇస్తాం, హార్మోనిస్టుకీ మేకప్ అతనికీ కూడా ఇస్తాం అని రాయమని అడగబోతున్నా. తీర్మానం నేను పెడతా, బలపరిచేవాళ్ళు ఒకరు కావాలి.