దాతలారా, ఈసారి బడి ఊడ్చి కడిగే ఆయమ్మ జీతం మీరివ్వండి

కరోనా మొదటి వేవ్ తర్వాత బడులు తెరిచిన రోజులు గుర్తున్నాయి కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్ 2న గదికి 16 మంది చొప్పున మొదలుపెట్టారు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల పిల్లలు వచ్చారు. ఆరడుగుల దూరం, అమ్మానాన్నల అంగీకార పత్రం, గేటు దగ్గర టెంపరేచర్ చూడటం... నిబంధనలు కాగితం మీద బాగానే ఉన్నాయి. మరి సబ్బులు, శానిటైజర్లు, మాస్కులు, థర్మల్ స్కానర్లు ఎవరిచ్చారు? చాలా ఊళ్లలో దాతలే ఇచ్చారు. పూర్వ విద్యార్థులు, అమెరికా వెళ్లిన ఊరివాళ్లు, లయన్స్, రోటరీ క్లబ్బులు, బజారులో దుకాణాలవాళ్లు తలా ఒక చెయ్యి వేశారు.

ఆ సాయంలో ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని మనం సరిగా పట్టించుకోలేదు. అది వాడితే అయిపోయే వస్తువుల సాయం. సబ్బు అరిగిపోతుంది, ఫినాయిల్ డబ్బా వారానికే ఖాళీ అవుతుంది. దాని మీద దాత పేరు రాయించుకోవడానికి చోటే లేదు. అయినా ఇచ్చారు. పిల్లలను నమ్మకంగా బడికి పంపించింది ఆ సాయమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మామూలు రోజుల్లో ఈ ఖర్చుకు బడి దగ్గర ఏముంటుందో చూడండి. బడుల కోసం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా నిర్వహణ ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు వాడాలని నియమం. అంటే 5 వేలు. నెలకు 420 రూపాయలు కూడా పడదు. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు పోను హెడ్మాస్టరు (హెచ్‌ఎం) ఇంకెంత కలపగలరు? సొంత జేబులోంచి పెట్టే హెచ్‌ఎంలు ఎందరో ఉన్నారు.

దాతలు ముందుకొస్తే ప్రభుత్వం తన బాధ్యత వదిలేస్తుందన్నది పాత వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ గ్రాంటు ఎప్పుడొస్తుందో అని ఎదురుచూస్తూ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచితే నష్టపోయేది ఎనిమిదో తరగతి ఆడపిల్ల, ఆర్థిక శాఖ కాదు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. కరోనా పోగానే దానాలు మళ్లీ గోడల మీదకు వెళ్లిపోయాయి. 2022లో తెలంగాణ ‘మన ఊరు మన బడి’ పథకంలో పది లక్షలిస్తే తరగతి గదికి, కోటి ఇస్తే హైస్కూలుకు దాత చెప్పిన పేరు పెడతామన్నారు. ఊళ్లలోనూ అదే వరస: కమాను, స్టేజీ, సరస్వతి విగ్రహం. ఆ కమాను దాటి లోపలికి వెళ్తే నల్లా దగ్గర సబ్బు ఉండదు.

అసలు చిక్కు ఇంకా లోతైనది. ఊడ్చే, కడిగే మనిషికి జీతం ఇవ్వడం మన సమాజానికి దానంలా కనిపించదు. తెలంగాణలో బడుల్లో స్వచ్ఛ కార్మికులను తీసేసి ఆ పని పంచాయతీల మీద వేశారు. పంచాయతీ సిబ్బందికి ఊరి మోరీలు తీయడానికే రోజు చాలదు. చీపురు టీచర్ల చేతికి, పిల్లల చేతికి వచ్చింది. 2024లో గానీ బడుల నిర్వహణకు పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా ఇవ్వాలని నిర్ణయించలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పిల్లలను బడికి పంపే తల్లులకిచ్చే అమ్మ ఒడి సొమ్ములోంచి తల్లికి వెయ్యి చొప్పున పట్టుకుని మరుగుదొడ్ల నిధి పెట్టింది, ఆయాలకు నెలకు 6 వేలు ఇచ్చింది. తల్లుల డబ్బు కోయడం నాకు నచ్చలేదు. కానీ ఆ పనికి ఒక మనిషి, ఒక జీతం ఉండాలని గుర్తించడం సరైన పని.

ఆ 6 వేల లెక్కనే ఒక ఆయాకు ఏడాదికి 72 వేలు. ఒక గదికి పేరు పెట్టే పది లక్షలతో దాదాపు పద్నాలుగేళ్లు ఒక బడిని శుభ్రంగా ఉంచవచ్చు. అది చాలా తక్కువ జీతమే, రెట్టింపు ఇచ్చినా ఏడేళ్లు గడుస్తుంది. టెన్త్ బ్యాచ్ నలభై మంది నెలకు తలా 300 వేసుకుంటే 12 వేలు. వచ్చే వేసవిలో ఫంక్షన్ హాల్లో కలిసే ప్రతి బ్యాచ్ శాలువాల ఖర్చు పక్కన పెట్టి, హెచ్‌ఎంను, బడి కమిటీని కూర్చోబెట్టుకుని ఈ జీతం సంగతి తేల్చాలి. ఒక్క ఏడాదికి కాదు, కనీసం ఐదేళ్లకు మాటివ్వాలి.