పశ్చిమ సహారా: ప్రమాదం ఎంత, మొహమాటం ఎంత?

పశ్చిమ సహారా గురించి ప్రభుత్వాలు ఇచ్చే ప్రయాణ హెచ్చరికలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అబద్ధాలు రాస్తారని కాదు. మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే రంగులో ముంచేసి మన మొహాన కొడతారని. అక్కడ ప్రాణానికి ముప్పు ఉందా? ముప్పు వస్తే మా ఎంబసీ వాళ్లు రాగలరా? ఆ నేల ఎవరిదో పైకి చెప్పడానికి మాకు మొహమాటమా? ఈ మూడింటికీ సంబంధం ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చు. మ్యాప్‌లో మాత్రం అన్నీ కలిపి ఎరుపో నారింజో.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొరాకోకి దక్షిణాన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఎడారి అది. వైశాల్యం సుమారు 2,66,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినంత విస్తీర్ణానికి కాస్త తక్కువ. జనం మాత్రం హైదరాబాద్‌లో రెండు మూడు పేటల్లో సరిపోతారు. స్పెయిన్ వలసగా ఉండేది. 1975లో స్పెయిన్ వదిలి వెళ్తుండగా మొరాకో లక్షల మందిని నడిపించుకుంటూ సరిహద్దు దాటింది. ఆ నేల మీది స్థానికులు సహ్రావీలు; స్వాతంత్ర్యం కోసం వాళ్లు పెట్టుకున్న సాయుధ ఉద్యమం పోలిసారియో, అల్జీరియా అండతో పోరాడింది. 1991లో ఐక్యరాజ్యసమితి కాల్పుల విరమణ చేయించి, ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామంది. ఇప్పటికీ జరపలేదు. ఆ సేకరణ కోసమే పెట్టిన మినుర్సో దళం మాత్రం అక్కడే ఉంది.

మధ్యలో మొరాకో సైన్యం కట్టిన ఇసుక గోడ ఉంది. దాదాపు 2,700 కిలోమీటర్లు. పడమటి వైపు మొరాకో చేతిలో, తూర్పున ఉన్న సన్నటి భాగం పోలిసారియో చేతిలో. గోడ వెంబడి మందుపాతరలు. ఇది ఎవరి రాజకీయంతోనూ పని లేని ప్రమాదం. ఒంటెల్ని మేపుకునే సహ్రావీలు కాళ్లు పోగొట్టుకున్నది వీటివల్లే. తూర్పు వైపు 2020 తర్వాత డ్రోన్లు కూడా తిరుగుతున్నాయి. 2021 నవంబరులో అక్కడ ముగ్గురు అల్జీరియా ట్రక్కు డ్రైవర్లు చనిపోతే, అది మొరాకో పనేనని అల్జీరియా ఆరోపించింది. గోడకు పడమరన కూడా అంతా ప్రశాంతం అనలేం. 2023 అక్టోబరు చివర్లో స్మారా పట్టణంలో పేలుళ్లు జరిగి ఒకరు పోయారు.

కాబట్టి గోడ దగ్గరికి వెళ్లొద్దు అంటే వంద శాతం ఒప్పుకుంటాను. బ్రిటన్ సూచనల్లో గోడకు పడమటి వైపు 30 కిలోమీటర్ల దాకా అసలు వెళ్లొద్దని రాస్తూ వచ్చారు. అది సబబైన గీత, కారణం చూపించగలిగే గీత. నా గొడవంతా మిగతా నేల గురించి. స్మారా నుంచి సముద్రం ఒడ్డున ఉన్న దఖ్లాకి దూరం హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఉన్నదానికంటే కాస్త ఎక్కువే. దఖ్లాలో యూరప్ వాళ్లు గాలిపటం పట్టుకుని అలల మీద జారే కైట్ సర్ఫింగ్ చేసుకుంటారు, 2025లో మాడ్రిడ్ నుంచి చవక టికెట్ విమానాలు కూడా మొదలయ్యాయి. అలాంటి చోటికి కూడా "తప్పనిసరి అయితేనే" అన్న ముద్ర వేస్తే, అది ప్రమాదాన్ని కొలిచి వేసిన ముద్రా, లేక అక్కడ మాకు ఆఫీసు లేదు కాబట్టి చేతులు దులుపుకోవడమా? ఆ పేజీలోనే కింద ఎక్కడో, అక్కడ మేం చేయగల సాయం చాలా తక్కువ అని ఒక వాక్యం ఉంటుంది. అసలు కారణం అదే అయితే దాన్ని పైన రాయండి. నిజం చెప్తే ఎవరు కాదంటారు?

మనకు సంబంధం లేని గోల అనుకునేవాళ్లు అమెరికా విదేశాంగ శాఖ భారత్ మీద రాసే సూచన ఒకసారి తీసి చూడండి. తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ దాకా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో తమ పౌరులకు సాయం చేసే వీలు తక్కువనీ, తమ ఉద్యోగులు అక్కడికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి కావాలనీ రాశారు. కారణం నక్సలైట్లు. మంచిర్యాలలో పెళ్లికి వచ్చే అమెరికన్ కోడలు అది చదివితే ఏమైపోవాలి! ఆ అత్తగారి ఊళ్లో భయపడాల్సింది బావగారి బైక్ డ్రైవింగ్‌కి తప్ప ఇంకదేనికీ కాదని ఆ పేజీ చెప్పదు కదా. అయితే ఒకటి ఒప్పుకోవాలి. "సాయం చేయలేం" అన్న మాటను వాళ్లు అక్కడ సూటిగానే రాశారు. చదివేవాడికి కనీసం సంగతేంటో అర్థమవుతుంది.

ఇక రాజకీయం. 2020 నవంబరు 13న పోలిసారియో కాల్పుల విరమణ ముగిసిందని ప్రకటించింది. అంటే 29 ఏళ్ల తర్వాత మళ్లీ యుద్ధం. నెల తిరగకుండానే, డిసెంబరు 10న, పశ్చిమ సహారా మొత్తం మొరాకోదేనని అమెరికా ప్రకటించేసింది. బదులుగా మొరాకో ఇజ్రాయెల్‌తో సంబంధాలు కలుపుకుంది. రెండు రోజుల్లో అమెరికా రాయబారి మొరాకో రాజధాని రబాత్‌లో కొత్త మ్యాప్ మీద సంతకం పెట్టి ఫొటోలు దిగాడు. నేల మీద పరిస్థితి పాడైన నెల లోపే కాగితం మీద గీత మాయమైంది. ఒక్క మందుపాతర కూడా కదల్లేదు. తర్వాత స్పెయిన్, ఫ్రాన్స్, బ్రిటన్ ఒక్కొక్కటే, ఆ నేలకు తన కిందే స్వయంప్రతిపత్తి ఇస్తానన్న మొరాకో ప్రతిపాదన వైపు జరిగాయి. మ్యాప్‌లు గీసేదీ, హెచ్చరికలు రాసేదీ అవే విదేశాంగ శాఖలు. మీ రంగుల్లో ఇసుక ఎంత, దౌత్యం ఎంత అని అడిగితే కోపం ఎందుకు?

మనమేం తక్కువ తినలేదు లెండి. పోలిసారియో ప్రకటించుకున్న సహ్రావీ రిపబ్లిక్‌ను 1985లో గుర్తించాం, 2000లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకున్నాం. మన ఎరువులకు కావాల్సిన ఫాస్ఫేట్‌లో చెప్పుకోదగ్గ భాగం మొరాకో నుంచి వస్తుంది. అంతకంటే ఎక్కువ చెప్పను.

దీనివల్ల చిక్కుల్లో పడేది నాలాంటి వాళ్లు. బ్రిటన్‌లో ఉంటూ భారత పాస్‌పోర్టుతో తిరిగేవాళ్లు. ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా బ్రిటన్ ప్రభుత్వ సూచనకు ముడిపడి ఉంటుంది. వాళ్లు వెళ్లొద్దన్న చోటికి వెళ్తే పాలసీ చెల్లకుండా పోతుంది. కానీ అక్కడ కాలు విరిగితే బ్రిటన్ కాన్సులేట్ మనల్ని పట్టించుకోదు, మనం వాళ్ల పౌరులం కాదు. పట్టించుకోవాల్సిన మన విదేశాంగ శాఖకు దేశదేశానికీ రంగులేసే అలవాటు లేదు, ఏదైనా ముదిరినప్పుడు ఒక ప్రకటన ఇస్తుంది. షరతులు ఒకరివి, పాస్‌పోర్టు ఇంకొకరిది. కాలు మాత్రం మనదే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు సభ్యులు కొందరు అక్కడి ముఖ్య పట్టణం లాయూన్‌లో దిగబోతే విమానాశ్రయం నుంచే తిప్పి పంపేశారు. సహ్రావీ కార్యకర్తల్ని కలవడానికి వెళ్లే విలేకరులకూ ఇదే మర్యాద. అంటే గాలిపటం పట్టుకుని సముద్రంలోకి దిగేవాడికి ఆ ఊరు సురక్షితం, ఒక ప్రశ్న పట్టుకుని వీధిలోకి దిగేవాడికి కాదు. అక్కడే పుట్టి జెండా పట్టుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. దీనికి ఏ దేశం మ్యాప్‌లోనూ రంగు లేదు. అల్జీరియాలోని టిందూఫ్ శరణార్థి శిబిరాల్లో దాదాపు 50 ఏళ్లుగా గుడారాల్లో, మట్టి ఇళ్లలో ఉంటున్న లక్షన్నరకు పైగా సహ్రావీలకు తమ ఊరికి ప్రయాణ సూచన ఇచ్చేవాళ్లే లేరు.

అలాగని "ప్రభుత్వాలు ఊరికే భయపెడతాయి బ్రో, నేను దఖ్లా వెళ్లొచ్చా, ఫుల్ సేఫ్" అని వీడియోలు పెట్టేవాళ్ల పక్షానా లేను. మీరు చూసింది ఒక బీచ్, ఒక హోటల్. ఆ వీడియో చూసి ఇంకొకడు జీపేసుకుని ఎడారిలోకి పోతే, మందుపాతరకు లైకులతో పని లేదు.

ఎవరైనా నిజంగానే వెళ్తుంటే: ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు ఫోన్‌లో "పర్లేదు సర్" అంటే నమ్మకండి, ఊరు పేరుతో సహా ఈమెయిల్‌లో రాయించుకోండి. తారురోడ్డు దిగకండి, మూత్రానికి కూడా. చెక్‌పోస్టుల్లో ఇవ్వడానికి పాస్‌పోర్టు వివరాలతో కాగితం నాలుగైదు కాపీలు పెట్టుకోండి. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యండి, మొరాకో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే తీసేసుకుంటారు. దఖ్లా లాడ్జిల్లో రేట్ల గురించి మాత్రం నన్ను అడగొద్దు.