నా వీపెక్కిన రాయల్ ఆక్వామాస్టర్ గారికి

మహారాజశ్రీ రాయల్ ఆక్వామాస్టర్ గారి దివ్య సముఖానికి,

తమరు నీళ్లలో మునిగేవాళ్లకు వీపు మీది సిలిండర్లోంచి ఊపిరికి గాలి అందించే, రెండు గొట్టాల పాతకాలపు రెగ్యులేటర్. పేరులోనే రాయల్ ఉంది కాబట్టి ఇలాగే పిలవాలి. ఆదివారం ఫ్లోరిడా ఊటల్లో నన్ను ముప్పుతిప్పలు పెట్టాక, ఇంటికొచ్చి తమరికి మంచినీళ్ల స్నానం చేయించి, రెండు గొట్టాలూ వేలాడదీసి ఆరబెట్టాను. సేవలో లోటుంటే చెప్పండి.

నేను పీల్చినప్పుడు లోపలికి వంగే పల్చటి పొర, అదే డయాఫ్రం, కొత్త సిలికాన్‌ది వేయించాను. పగుళ్లిచ్చిన గొట్టాలు మార్పించాను. ఆ పొర నొక్కితే గాలి వదిలే లోపలి లివర్ ఎత్తు సరిచేసిన మెకానిక్ "ఇక ఊపిరి తీస్తున్నట్టే తెలీదు" అన్నాడు. గట్టు మీద నిజంగానే తెలియలేదు. నీళ్లలో బోర్లా తిరగ్గానే తెలిసింది.

తమరుండేది నా వీపు మీద. నా ఊపిరితిత్తులుండేది తమరి కింద. తమరి డయాఫ్రం ఎన్ని సెంటీమీటర్లు పైనుంటే అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి ఎదురు పీల్చాలి. లివర్ ఇంకాస్త ఎత్తమంటారా? అప్పుడు కొంచెం వెల్లకిలా ఒరిగితే చాలు, సిలిండర్లో గాలంతా బుసబుసా పోతుంది. కాబట్టి సిలిండర్నే కిందికి దించి, తమరిని భుజపుటెముకల మధ్య వీపుకు ఆనించి కూర్చోబెట్టాలి. దించాను. సిలిండర్ అడుగు పిరుదులకు కొట్టుకుంది. పైకి జరిపాను. తల వెనక మొట్టికాయలు. మళ్లీ కిందికి. తడిసిన పట్టీ సాగింది, విప్పి బిగించాను. తీరా కుదిరిందనుకుంటే, నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే నా జాకెట్లోకి గాలి చేరి, ఉబ్బి, తమరిని వీపుకు ఇంకా దూరం నెట్టింది.

అంగుళమయ్యా! ఒక్క అంగుళం కోసం మధ్యాహ్నమంతా మింగేశావు! ఒంటి గొట్టం రెగ్యులేటర్ల వాళ్లు దిగారు, చేపల్ని చూశారు, గట్టెక్కి తిన్నారు. వాళ్ల డయాఫ్రం నోటి దగ్గరే ఉంటుంది, ఈ బాధే లేదు. నేనింకా పట్టీతోనే కుస్తీ.

నీ వంశమే అంత. 1943లో ఫ్రెంచి డైవర్ కూస్టో మీ పూర్వీకుణ్ణి ఫ్రాన్స్‌లోని మార్న్ నదిలో పరీక్షించినప్పుడే నిటారుగా ఉంటే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే అందలేదు. చివరికి ఊపిరి బయటికి పోయే చోటును లోపలికి వచ్చే చోటు పక్కకే తెచ్చి ఆ గొడవ సర్దారు. వదిలిన ఊపిరిని వీపు దాకా తేవడానికే ఈ రెండో గొట్టం. రెండూ గాలితో తేలుతూ దవడ లాగుతాయి. మౌత్‌పీస్ తీసి పైకెత్తితే నానా గోల. ప్రెజర్ గేజ్ పెట్టాలంటే వేరే అడాప్టర్ కొనాలి. కొన్నాను. వాటి గురించి ఇప్పుడు మాట్లాడటం లేదు, అంగుళం గురించే మాట్లాడుతున్నాను.

సాయంత్రం ఒళ్లు మండి జాకెట్ పక్కన పడేశాను. ఉత్త పట్టీలతో సిలిండర్ కట్టుకుని, లోతు లేని చోట దిగాను. అప్పుడు కూర్చున్నావు, సరిగ్గా అక్కడే. గాలి హాయిగా వచ్చింది. బుడగలన్నీ తల వెనక్కి పోయాయి, ముఖం ముందు ఒక్కటీ లేదు. ఓ తాబేలు నన్ను ఎగాదిగా చూసి, బెదరకుండా గడ్డి తింటూనే ఉంది. ఒంటి గొట్టంతో ఎప్పుడూ అంత దగ్గరికి పోలేదు నేను. ఈ ముక్క పొద్దున్నే చెబితే నీ సొమ్మేం పోయింది, దుర్మార్గుడా?

జాకెట్ అమ్మకానికి పెట్టాను. అవును, కొత్తదే. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో నువ్వే ఆలోచించు.