ఖరీదైన సూది పాత రికార్డుకే కావాలి

హై ఎండ్ ఆడియో, అంటే ఖరీదైన రికార్డు ప్లేయర్లూ యాంప్లిఫైయర్ల మీద డబ్బు పోసే మా బోటి వాళ్ళ మధ్య 2020 నాటి లాక్‌డౌన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ ఒకటే మాట అంటారు: ఆ వేసవి మన హాబీకి పట్టిన అదృష్టమని, ఇల్లు కదలకుండా తనివితీరా విన్నామని. నేను దీన్ని ఒప్పుకోను. విన్నవాళ్ళు కొందరు ఉండవచ్చు గాని, నేను చూసినంతలో ఎక్కువమంది చేసింది ఏ కేబుల్ మేలు, కొరియర్లు మొదలుకాగానే ఏ ప్రీయాంప్ (యాంప్లిఫైయర్‌కు ముందు తగిలించే పెట్టె) తెప్పించుకోవాలి అని ఫోన్లలో తర్జనభర్జన పడడమే. విజయనగరంలో, ఇతరుల అటకల మీంచి దిగిన రికార్డుల మధ్య గడిచిన ఆ వేసవి నాకు మాత్రం ఒక అభిప్రాయాన్ని గట్టిపరిచింది. ఈ హాబీలో ఖరీదైన ప్లేయర్ సూది నిజంగా అవసరమయ్యేది విదేశాల నుంచి కొత్తగా తెప్పించుకున్న 180 గ్రాముల మందపాటి రికార్డుకు కాదు, బూజు పట్టి గీతలు పడిన మన పాత రికార్డుకే. ఈ మాట చాలామందికి తలకిందులుగా తోస్తుందని తెలుసు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

జనం తిండికీ ప్రాణానికీ వెతుక్కుంటున్న రోజుల్లో లక్షల రూపాయల సరంజామా ముందు కూర్చుని పాటలు వినడమేమిటి అన్న ఆక్షేపణ ఒకటి ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. మా విజయనగరం, పక్కనున్న శ్రీకాకుళం జిల్లాల నుంచి వలసవెళ్ళిన మత్స్యకారులు ఆ ఏప్రిల్‌లో గుజరాత్‌లోని వేరావల్ రేవులో వేల సంఖ్యలో చిక్కుకుపోయి, పడవల్లోనే కాలం గడిపి, నెలాఖరుకు గాని బస్సులెక్కలేకపోయారు. వాళ్ళ కుటుంబాలు ఉన్న ఊళ్ళు మాకు గంట ప్రయాణం. అటువంటి సమయంలో కొత్త వస్తువు కొనడానికి మనసొప్పకపోతే అది మనిషితనమే. అయితే ఇంట్లో అప్పటికే ఉన్నదాన్ని వినడం వేరు, కొనుగోళ్ళ జాబితా రాసుకుంటూ కూర్చోవడం వేరు.

కొందామన్నా సాగే పరిస్థితి కాదు లెండి. మార్చి 25 నుంచి మే 3 దాకా ఆన్‌లైన్‌లో నిత్యావసరాలు తప్ప మరేమీ రాలేదు. అంతకుముందే, ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ అనే కర్మాగారం కాలిపోయింది. రికార్డు తయారీలో మొట్టమొదటి మెట్టు అయిన లాకర్ పూత పళ్ళేలను అప్పట్లో చేసేవి ప్రపంచంలో ప్రధానంగా రెండే సంస్థలు, ఒకటి ఇది, రెండోది జపాన్‌లోది. ఇంత జరిగినా ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో అమెరికాలో వినైల్ (ప్లాస్టిక్) రికార్డుల అమ్మకాల విలువ సీడీల అమ్మకాలను దాటిపోయింది. 1980ల తరవాత అలా జరగడం అదే మొదలు. అంటే ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని రికార్డులు కొంటూనే ఉంది. మా ఊరికి మాత్రం ఏమీ రాలేదు.

వచ్చినవల్లా ప్రహరీ గోడ మీంచి వచ్చాయి. అందరి ఇళ్ళలోలాగే మా పక్కింట్లోనూ అటకలు దులిపే కార్యక్రమం మొదలైంది. పక్కింటి పెద్దాయన ఒక సాయంత్రం మాస్కు సర్దుకుంటూ అట్టపెట్టె ఒకటి గోడ మీద పెట్టి, "మేస్టారూ, ఇవి మీకేమైనా పనికొస్తాయా? లేదంటే బళ్ళు తిరగడం మొదలయ్యాక పాత సామాన్ల వాడికి వేసేస్తాను" అన్నారు. లోపల ఘంటసాల, సుశీల పాటల చిన్న రికార్డులు, కొన్ని కర్ణాటక సంగీతం ఎల్పీలు (పెద్ద రికార్డులు), అడుగున గుడ్డలో చుట్టిన, నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు 78 ఆర్‌పీఎం రికార్డులు కొన్ని ఉన్నాయి. ఒక ఎల్పీకి లోపలి కాగితం తడిసి ఆరి అతుక్కుపోయింది. ఊడదీస్తే పాట చెక్కిన గాడుల మీద తెల్లని బూజు జిల్లేడు పాల చుక్కల్లా మిగిలింది.

ఇక్కడి నుంచే అసలు పని. రికార్డు శుభ్రం చేయడానికి మామూలుగా డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతాం. ఆ నెలల్లో ఆల్కహాల్ అంతా శానిటైజర్లకే పోయింది. శానిటైజర్ వాడుదామా అంటే, చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు కనుక అది గాడిలో జిగురుగా మిగిలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ అమ్మే బ్యాటరీ దుకాణాలూ మూసేశారు. చివరికి ఇన్వర్టర్ కోసం కొని ఉంచిన నీళ్ళ డబ్బాయే దిక్కయింది. "ఏమండీ, రేపు కరెంటు పోతే ఇన్వర్టర్‌లో ఏం పోస్తారు?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆ నీళ్ళలో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రంగా తోమి, మధ్యనున్న లేబుల్ తడవకుండా అరచేత్తో కాచుకుంటూ, మళ్ళీ ఉత్త నీళ్ళతో కడిగి, గిన్నెల స్టాండులో స్టీలు కంచాల పక్కన నిలబెట్టి ఆరబెట్టాను. ఒక్క హెచ్చరిక: 78 రికార్డులు వినైల్ కాదు, లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. స్పిరిట్ ముంచిన దూదితో ఒక్కసారి తుడిచారంటే పాట ఉన్న పొరే కరిగి దూదికి అంటుకుంటుంది. శానిటైజర్ బుడ్డి ప్రతి గుమ్మంలోనూ ఉన్న ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో ఈ పని జరిగిందో తలచుకుంటే కడుపు మండుతుంది.

కడిగిన రికార్డును వినిపించే పని సూదిది. రికార్డు గాడి ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉంటుంది. పాతకాలపు ప్లేయర్లలో గుండ్రని మొన ఉన్న సూది, ఇప్పటి రెండు గ్రాములకు మూడింతలో అంతకంటే ఎక్కువో బరువుతో, ఆ గాడి గోడలను ఎప్పుడూ ఒకే ఎత్తులో తాకుతూ ఏళ్ళ తరబడి అరగదీసింది. అదే రకం గుండ్రని సూది మళ్ళీ పెడితే అది సరిగ్గా ఆ అరిగిన చోటనే కూర్చుని బరబరమంటుంది. షిబాటా అనీ మైక్రోలైన్ అనీ పిలిచే సన్నని మొనల దారి వేరు. షిబాటా సూదిని 1970లలో జపాన్‌లో నాలుగు చానళ్ళ రికార్డుల కోసం తయారు చేశారు. ఆ రికార్డులు అంతరించాయి గాని సూది మిగిలింది. ఇటువంటి మొన గాడి గోడను నిలువుగా, పొడవైన గీతలా తాకుతుంది కనుక, పాత సూది ఎన్నడూ తాకని భాగాన్ని కూడా అందుకోగలుగుతుంది. అరుగుదల మితిమీరకపోతే, పనికిరాదనుకున్న రికార్డులోంచి కూడా గొంతు నిలబడి వస్తుంది. సుశీల పాట ఒకదానిలో పై స్థాయిలో చీరుకుపోయినట్టు వినబడే చోటు ఈ సూది కింద తేటపడడం నా చెవులతో విన్నాను. కొత్త రికార్డులో ఈ సమస్యే ఉండదు; గాడి అంతా కన్నెగా ఉన్నప్పుడు అండాకారపు మొన ఉన్న సాధారణ ఎలిప్టికల్ సూదికీ దీనికీ తేడా తెలుస్తుంది గాని, ఇంతగా కాదు. యాభై వేల రూపాయల కార్ట్రిడ్జ్ (సూది కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) కొని దానితో దిగుమతి చేసుకున్న పరీక్షా రికార్డులు తప్ప మరేదీ వినని మిత్రులకు నేను చెప్పదలచింది ఇదే.

మోనో, అంటే ఒకే చానల్ రికార్డుల సంగతి ఇంకా తేలిక. మన పాత సినిమా పాటల రికార్డుల్లో చాలావాటిలో సంగీతమంతా సూదిని పక్కలకు కదిలించేదే. పైకీ కిందికీ కదిలించేది ధూళి, వంపు, మోటారు అదురు. స్టీరియో (రెండు చానళ్ళ) కార్ట్రిడ్జ్ ఈ రెండు కదలికలనూ కలిపి అందిస్తుంది. యాంప్లిఫైయర్‌లో మోనో మీట నొక్కితే ఆ నిలువు రొదలో చాలా భాగం రద్దయిపోతుంది. పాత యాంప్లిఫైయర్లలో చాలావాటికి ఉన్న ఈ మీటను ఇప్పటి ఖరీదైన వాటిలో చాలామంది తయారీదారులు తీసేశారు. ఇక 78లకు మరో సూది కావలసిందే. ఎల్పీ సూది మొన 18 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటే వాటి గాడికి 65 నుంచి 75 మైక్రాన్ల మొన కావాలి; సన్నని సూది పెడితే అడుగున పడి గరగరలే ఎక్కువ వినిపిస్తాయి.

కేబుళ్ళకూ కరెంటు శుద్ధి చేసే పెట్టెలకూ లక్షలు పోసేవాళ్ళ చెవుల మీద నాకున్న అనుమానం కూడా ఆ లాక్‌డౌన్‌లోనే బలపడింది. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పింది గుర్తుంది కదా. ఆ కాసేపట్లో దేశవ్యాప్తంగా కరెంటు వాడకం దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయి, మామూలుగా 50 హెర్ట్జ్ ఉండే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 49.7 నుంచి 50.26 హెర్ట్జ్ మధ్య ఊగింది. ఏసీ సింక్రనస్ మోటారు బెల్టుతో పళ్ళేన్ని తిప్పే (బెల్ట్ డ్రైవ్) ప్లేయర్ల వేగం వోల్టేజీని బట్టి కాక ఈ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది కనుక, నేరుగా ఇంటి కరెంటు మీద తిరిగే అటువంటి పళ్ళెం ప్రతిదీ ఒక దశలో అర శాతం వేగం పెంచుకుని ఉండాలి. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరం దాదాపు 6 శాతం కనుక అది చిన్న తేడాయే, అయినా కొలవగలిగిన తేడా. (వేగం సరిచూసే గీతల స్ట్రోబ్ డిస్కు పెట్టినా పట్టుబడదు, దాని మీద పడే ట్యూబ్‌లైటు కూడా అదే కరెంటుతో వెలుగుతుంది కనుక రెండూ కలిసే తప్పుతాయి.) వెండి తీగకూ రాగి తీగకూ తేడా వినగలమని వాదించే మా బృందంలో ఆ రాత్రి శ్రుతి మారిందని అన్నవాడు ఒక్కడు లేడు. అరిగిన రికార్డు బరబర మాత్రం ఏ కేబుల్ గురించీ తెలియని మా పక్కింటి పెద్దాయనకు గుమ్మం అవతలి నుంచే వినిపిస్తుంది.

నిశ్శబ్దం ఉచితంగా దొరికిందన్నది మాత్రం నిజం. హౌరా, చెన్నై ప్రధాన మార్గమూ రాయ్‌పూర్ మార్గమూ కలిసే జంక్షన్ ఉన్న ఊరు మాది; ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాక అప్పుడప్పుడు గూడ్సు బండి తప్ప చప్పుడు లేదు. అయితే మే నెల ఉక్కలో ఫ్యాను ఆపి ఎల్పీ ఒక వైపు, అంటే ఇరవై నిమిషాల పైన, వినడం ఎంత కష్టమో ఉత్తరాంధ్ర వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఫ్యాను వేస్తే వీణ నాదం చివర సన్నగిల్లే భాగం పోతుంది, ఆపితే చెమట.

ఇదంతా విజయనగరంలో కూర్చుని రాస్తున్నందుకు కూడా కొంత బాధ ఉంది. 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ గురువుగా పాఠం చెప్పిన చోటు, ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. ఇటువంటి ఊళ్ళో రికార్డులు ఇంటింటి అటక మీద ఉండడం వింత కాదు, వాటిని కిలోల లెక్కన వేసేయడమే వింత. అదే సమయంలో, ఇంటి గోడలకు ధ్వని పలకలు బిగించుకున్న మా హాబీదారులు "తెలుగు రికార్డులు అచ్చు బాగుండవండీ, సిస్టమ్ స్థాయికి తగవు" అంటారు. అచ్చు బాగుండదన్నది కొంతవరకు నిజమే. మరి సిస్టమ్ ఉన్నది దేనికి?

పెట్టెలో ఘంటసాల భగవద్గీత ఎల్పీ కూడా ఉంది, అన్నిటికంటే శుభ్రంగా. మన ఇళ్ళలో దాన్ని ఎప్పుడు పెడతారో అందరికీ తెలుసు. ఆ వేసవిలో దాన్ని పళ్ళెం మీద పెట్టబోతే మా ఆవిడ చేత్తో ఆపేసింది. వీధిలో వినిపిస్తే ఎవరింట్లో ఏమైందోనని జనం బెంబేలెత్తుతారని ఆమె భయం. ఆమె మాటే సబబు. హెడ్‌ఫోన్లలో విన్నాను.

రవాణా మొదలయ్యాక ఇవే పాత రికార్డులకు అమ్మకందారులు 'అరుదైనవి' అని పేరు పెట్టి నాలుగైదు రెట్లు ధర కట్టారు. లాక్‌డౌన్‌కు ముందు బయానా పుచ్చుకున్న ఒకాయన, నేను అడిగిన ఎల్పీని వేరొకరికి ఎక్కువకు అమ్ముకుని నా డబ్బు వెనక్కి పంపించాడు. పక్కింటి పెట్టెను మాత్రం నేను ఉంచుకోలేదు. అన్నిటినీ కడిగి, కొత్త లోపలి సంచులు తొడిగి, పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెద్దాయనకే ఇచ్చేశాను. ఇనుము బండికి వేయనని మాట తీసుకున్నాను.

కొత్తగా ఈ హాబీలోకి దిగుతున్నవాళ్ళు ఏం కొనాలని అడుగుతుంటారు. అదురు లేకుండా తిరిగే ఒక మోస్తరు పళ్ళెం, మూవింగ్ మాగ్నెట్ (అయస్కాంతం కదిలే) రకంలో కూడా దొరికే మైక్రోలైన్ సూది, 78ల కోసం విడిగా హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే తొడుగు) బిగించిన రెండో కార్ట్రిడ్జ్, మోనో మీట ఉన్న పాత యాంప్లిఫైయర్, ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్. ఆ తరవాత మీ మేనమామల ఇళ్ళ అటకలెక్కండి. కేబుళ్ళ గురించి మాత్రం నన్ను అడగకండి, దానికి మా బృందంలో పండితులున్నారు.